హార్టింగ్టన్ చుట్టూ నాలుగు పాత రైలు దారులు: సైకిల్ మీద ఎవరికి ఏది నప్పుతుంది?

ఇంగ్లండ్ మధ్యలో, డెర్బీషైర్ కొండల్లో హార్టింగ్టన్ అనే చిన్న ఊరుంది. నడిమధ్యన బాతులు తిరిగే చెరువు, దాని దగ్గరే జున్ను (చీజ్) అమ్మే కొట్టు, కాస్త ఎత్తు మీద సెయింట్ జైల్స్ చర్చి, ఇంకాస్త పైకెళ్తే ఇప్పుడు యూత్ హాస్టల్‌గా నడుస్తున్న పదిహేడో శతాబ్దపు హార్టింగ్టన్ హాల్. ఊరంతా తిరగడానికి గంట చాలు. అయినా సెలవు రోజుల్లో ఇక్కడ ఎటు చూసినా సైకిళ్ళే. ఎందుకంటే చుట్టుపక్కల నాలుగు పాత రైలు మార్గాలున్నాయి. రైళ్ళు ఆగిపోయాక పట్టాలు పీకేసి వాటిని సైకిల్ దారులుగా మార్చారు. టిస్సింగ్టన్ ట్రైల్, హై పీక్ ట్రైల్, మానిఫోల్డ్ ట్రాక్, మాన్సల్ ట్రైల్.

డెర్బీ, నాటింగ్‌హామ్, షెఫీల్డ్, మాంచెస్టర్, బర్మింగ్‌హామ్‌లలో ఉండే మన వాళ్ళకు ఇదంతా కారులో గంట, గంటన్నర, మహా అయితే రెండు గంటల దూరం. అందుకే వేసవి రాగానే ఒకటే ప్రశ్న. ఒక్క రోజే ఉంది, సైకిల్ తొక్కాలి, నాలుగు పాత కట్టడాలు చూడాలి, పిల్లలున్నారు లేదా ఇండియా నుంచి అమ్మానాన్న వచ్చారు. ఏ ట్రైల్‌కి వెళ్దాం?

ఫొటోలు చూసి ఎంచుకుంటే నాలుగూ ఒక్కలాగే ఉంటాయి. పచ్చని కొండలు, రాతి గోడలు, గొర్రెలు. తేడాలు ఫొటోల్లో పడవు, కాళ్ళకు తెలుస్తాయి.

## ముందు చూసుకోవాల్సినవి

చరిత్ర దారి పక్కనే ఉందా, పక్కకు తిరిగి వెళ్ళాలా? అందరూ వదిలేసేది ఇదే, నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యమైనదీ ఇదే. పాత రైలు దారి చదునుగా ఉంటుంది. కానీ ఊళ్ళు, కోటలాంటి భవనాలు, రాతి వలయాలు రైలు కోసం కట్టినవి కావు. కొన్ని లోయ అడుగున ఉంటాయి, కొన్ని గుట్ట మీద. ట్రైల్ దిగి రెండు మైళ్ళు రోడ్డు మీద వెళ్ళడం మ్యాపులో చిన్న గీతే. తీరా వెళ్తే ఆ రెండు మైళ్ళే మిగతా పది మైళ్ళకన్నా ఎక్కువ శ్రమ పెడతాయి. అందుకని ట్రైల్ పొడవు కన్నా, ట్రైల్ నుంచి మీరు చూడాలనుకున్న చోటుకు ఎంత దూరం, ఎంత ఎక్కుడు అన్నది ముందు చూడండి.

ఎక్కుడు ఎటు వైపు ఉంది? రైలింజను నిటారు గుట్ట ఎక్కలేదు కాబట్టి దారి వాలు మెల్లగా ఉంటుంది. కానీ పది మైళ్ళ పాటు మెల్లగా ఎక్కడం కూడా ఎక్కడమే. పొద్దున పల్లంలోకి జారుకుంటూ వెళ్ళి, సాయంత్రం అలసిపోయాక ఎక్కుతూ రావడం ఇక్కడ సర్వసాధారణంగా జరిగే పొరపాటు. ముఖ్యంగా హార్టింగ్టన్‌లో బస చేసిన వాళ్ళకి, ఎందుకంటే అక్కడ ట్రైల్ తగిలే చోటే ఎత్తులో ఉంటుంది.

కింద నేల ఏమిటి? తారు వేరు, సున్నపురాయి పొడి కొట్టిన దారి వేరు. వాన పడితే ఆ పొడి తెల్లటి పేస్టులా మారి సైకిల్ గొలుసుకీ ప్యాంటుకీ పట్టేస్తుంది. సన్న టైర్ల రేసింగ్ సైకిల్‌కి ఇది పడదు. హైబ్రిడ్ సైకిల్ అయితే నాలుగు దారులకూ సరిపోతుంది.

ఎలా చేరుకుంటారు? కారుంటే దిగుల్లేదు. లేకపోతే నాలుగింటిలో ఒక్క హై పీక్ ట్రైల్‌కి మాత్రమే రైల్లో దిగి నేరుగా సైకిల్ తొక్కుతూ వెళ్ళొచ్చు. అదే అన్నిటికన్నా కష్టమైన చోట మొదలవుతుంది, అదొక తమాషా.

| | టిస్సింగ్టన్ ట్రైల్ | హై పీక్ ట్రైల్ | మానిఫోల్డ్ ట్రాక్ | మాన్సల్ ట్రైల్ |
|---|---|---|---|---|
| ఎక్కడి నుంచి ఎక్కడికి | ఆష్‌బోర్న్ – పార్స్‌లీ హే | క్రామ్‌ఫర్డ్ – డౌలో | హల్మ్ ఎండ్ – వాటర్‌హౌసెస్ | బేక్‌వెల్ – బక్స్‌టన్ దగ్గరి వై లోయ |
| పొడవు | 13 మైళ్ళు | సుమారు 17 మైళ్ళు | 8–9 మైళ్ళు | 8.5 మైళ్ళు |
| నేల | రాతి పొడి | రాతి పొడి, కొన్నిచోట్ల గరుకు | తారు | గట్టిగా కొట్టిన రాతి పొడి |
| ఎక్కుడు | ఉత్తరం వైపు ఎడతెగకుండా, మెల్లగా | తూర్పు కొస చాలా నిటారు, పైన చదును | చాలా తక్కువ | తక్కువ |
| దారిలోనే కనిపించేది | టిస్సింగ్టన్ ఊరు, పాత సిగ్నల్ బాక్సు | ఇంజను హౌస్, రాతి కట్టలు, క్రామ్‌ఫర్డ్ వర్క్‌షాపులు | పాత రైలు సొరంగం, గుహ ముఖద్వారం | వంతెన, సొరంగాలు, మిల్లులు, సున్నపు బట్టీలు |
| పక్కకు వెళ్ళి చూడాల్సింది | హార్టింగ్టన్ | ‘ఆర్బర్ లో’ రాతి వలయం, క్రామ్‌ఫర్డ్ మిల్ | థోర్స్ కేవ్ (నడక) | హాడన్ హాల్, చాట్స్‌వర్త్, ఈమ్ |

## టిస్సింగ్టన్ ట్రైల్: ఊరు చూడాలంటే

ఆష్‌బోర్న్ నుంచి బక్స్‌టన్ వెళ్ళే ఈ లైను 1899లో మొదలై, 1967లో పూర్తిగా మూతపడింది. ఆ తర్వాత నాలుగైదేళ్ళకే ఈ కొండల్ని చూసుకునే పీక్ డిస్ట్రిక్ట్ నేషనల్ పార్కు వాళ్ళు దీన్ని కొని సైకిల్ దారి చేశారు.

ఇంగ్లిష్ పల్లెటూరు అనగానే మన మనసులో మెదిలే బొమ్మ ఒకటుంటుంది కదా, టిస్సింగ్టన్ అచ్చం అలాగే ఉంటుంది. వరసగా ‘లైమ్’ చెట్లు (నిమ్మచెట్లు కావు), రాతి ఇళ్ళు, నార్మన్ల కాలపు చర్చి, దానికెదురుగా 1609లో కట్టిన టిస్సింగ్టన్ హాల్. ఫిట్జ్‌హర్బర్ట్ కుటుంబం అప్పటి నుంచీ అందులోనే ఉంటోంది. హాలు లోపల చూడనిచ్చే రోజులు కొన్నే కాబట్టి దాని కోసమే వెళ్ళేట్టయితే ముందు కనుక్కోవాలి. బయటి నుంచి చూస్తే చాలనుకుంటే ఎప్పుడైనా పర్లేదు. పాత స్టేషన్ ఉన్న చోటే కారు పార్కింగ్, అక్కడి నుంచి ఊళ్ళోకి అయిదు నిమిషాలు. పక్కకు తిరిగి ఎక్కే బాధ లేకుండా చూడగలిగే పాత ఊరు ఇదొక్కటే.

ఈ ఊరికి వెళ్ళాల్సిన అసలు సమయం అసెన్షన్ పండుగ, క్రీస్తు స్వర్గానికి వెళ్ళిన రోజుగా జరిపేది. ఈస్టర్ తర్వాత నలభయ్యో రోజు, ఒక గురువారం, సాధారణంగా మే నెలలో వస్తుంది. ఊళ్ళో ఉన్న ఆరు బావుల దగ్గరా పూల పలకలు నిలబెడతారు. చెక్క పలక మీద తడి బంకమట్టి మెత్తి, అందులో బొమ్మ గీత గీసి, పూరేకులు ఒక్కొక్కటే వేలితో నొక్కుతూ అతుకుతారు. కింది వరస ముందు, దాని మీదికి కొంచెం వచ్చేట్టు పై వరస, పెంకులు కప్పినట్టు. వాన పడితే నీళ్ళు రేకుల మీదుగా జారిపోవాలని ఆ పద్ధతి. ఆకులు, గింజలు, నాచు కూడా వాడతారు. బతుకమ్మ పేర్చిన చేతులకు ఆ పని చూస్తే ఇంకో రెండు గంటలు అక్కడే నిలబడాలనిపిస్తుంది. 1348–49 ప్లేగు మహమ్మారి ఈ ఊరిని తాకలేదని, ఊరి నీళ్ళ చలవేనని మొక్కుగా ఇది మొదలైందని ఒక కథ చెబుతారు. 1615 కరువులో కూడా ఈ బావులు ఎండలేదు కాబట్టి అని మరో కథ. రెంటిలో ఏది నిజమైనా పండుగ వారంలో పార్కింగ్ దొరకదన్నది మాత్రం నిజం. ఆ రోజుల్లో ఆష్‌బోర్న్‌లో కారు ఆపి మూడు మైళ్ళు తొక్కుకుంటూ రావడం మేలు.

ఆ మూడు మైళ్ళలో ఒక చిక్కుంది. ఆష్‌బోర్న్ దాటగానే బెంట్లీ వాగు మీద ఒకప్పుడు రైలు వంతెన ఉండేది. దాన్ని కూల్చేశారు. అందుకని అక్కడ దారి గబుక్కున కిందికి దిగి, వాగు దాటి, మళ్ళీ నిటారుగా పైకెక్కుతుంది. చిన్నపిల్లలు అక్కడ సైకిల్ దిగి నడవాల్సిందే. మిగతా దారిలో ఎక్కడా ఇంత వాలు ఉండదు. ఇది తెలియక ‘మొదట్లోనే ఇలా ఉంటే ముందుకెలా’ అని వెనక్కి తిరిగేవాళ్ళున్నారు.

టిస్సింగ్టన్ దాటాక పార్స్‌లీ హే వరకు దాదాపు పది మైళ్ళు ఎక్కుతూనే ఉంటుంది. మధ్యలో హార్టింగ్టన్ పాత స్టేషన్ దగ్గర సిగ్నల్ బాక్సును చెక్కుచెదరకుండా నిలబెట్టారు. స్టేషన్ పేరు హార్టింగ్టనే గాని ఊరు మాత్రం అక్కడికి రెండు మైళ్ళు, అదీ కింద. రైల్వే వాళ్ళు ఊరికి దూరంగా స్టేషన్ కట్టి ఊరి పేరు పెట్టడం మన దగ్గరా కొత్తేం కాదు.

నా సలహా: ఆష్‌బోర్న్ నుంచి మొదలుపెట్టి, ఓపిక ఉన్నంత దూరం ఎక్కి, వెనక్కి తిరగండి. తిరుగు ప్రయాణంలో పెడల్ తొక్కే పనే పెద్దగా ఉండదు. హార్టింగ్టన్‌లో బస చేసిన వాళ్ళు టిస్సింగ్టన్ దాకా జారుకుంటూ వెళ్ళి టీ తాగి, అప్పుడు వెనక్కి చూసుకుంటే దిగులు పడతారు.

## హై పీక్ ట్రైల్: రెండు దారులు ఒకే పేరుతో

దీన్ని ఒకే ట్రైల్‌గా లెక్కేయకూడదు. తూర్పు కొస ఒక రకం, పడమటి భాగం పూర్తిగా ఇంకో రకం. కారణం ఆ లైను పుట్టుకలోనే ఉంది.

క్రామ్‌ఫర్డ్ అండ్ హై పీక్ రైల్వే 1830–31లో మొదలైంది. అప్పటికి రైలింజన్ల మీద ఎవరికీ పూర్తి నమ్మకం లేదు. రెండు కాలువలను కలపడానికి దీన్ని వేశారు. గీసిన ఇంజనీరు కాలువలు తవ్విన అనుభవం ఉన్నవాడు. కాలువలో చదునుగా వెళ్ళి, లాకు దగ్గర ఒక్కసారి మట్టం మారినట్టే, ఈ లైను కూడా మైళ్ళ కొద్దీ చదునుగా పోయి, ఒక్కచోట నిటారుగా లేస్తుంది. అలా లేచే చోట వ్యాగన్లను కొండ మీద కూర్చున్న ఆవిరి యంత్రం గొలుసుతో పైకి లాగేది. చదును చోట మొదట్లో గుర్రాలు లాగేవి. మిడిల్టన్ టాప్‌లో 1829 నాటి ఆ ఇంజను ఇల్లు ఇప్పటికీ ఉంది, లోపల యంత్రంతో సహా.

ఇప్పుడు సైకిల్ తొక్కేవాడికి దీని అర్థం ఏమిటంటే, క్రామ్‌ఫర్డ్ నుంచి బయలుదేరితే ముందు షీప్ పాశ్చర్, తర్వాత మిడిల్టన్ అని రెండు ఎక్కుళ్ళు. ఎనిమిది అడుగులు ముందుకెళ్తే ఒక అడుగు పైకి, సుమారుగా ఆ లెక్క. చాలామంది దిగి తోసుకుంటూ వెళ్తారు, అందులో సిగ్గుపడాల్సింది లేదు. దిగేటప్పుడు ఇంకా జాగ్రత్త. పిల్లల్ని సైకిల్ మీద దిగనివ్వొద్దు, నడిపించండి.

పైకి చేరాక మాత్రం వేరే లోకం. పార్స్‌లీ హే నుంచి ‘మినింగ్ లో’ అనే గుట్ట వరకు (‘లో’ పేరులో భాగమే) ఆరేడు మైళ్ళు దాదాపు చదును. సున్నం కలపకుండా రాయి మీద రాయి పేర్చి కట్టిన ఎత్తైన కట్టల మీదుగా దారి పోతుంది. పక్కకు వంగి చూస్తే ఆ గోడ పొందిక తెలుస్తుంది, రెండు శతాబ్దాలుగా నిలబడే ఉంది. గోథమ్ అనే చోట లైను గిర్రున మలుపు తిరుగుతుంది. దాని వ్యాసార్ధం 55 గజాలే. బ్రిటన్‌లో స్టాండర్డ్ గేజ్ (మామూలు వెడల్పు పట్టాల) లైనుకి ఇంత ఇరుకు మలుపు ఇంకోటి లేదంటారు. సైకిల్ మీద ‘ఓహో, మలుపు’ అనుకుని దాటేస్తాం, పొడవాటి వ్యాగన్లు ఎలా తిరిగాయో ఊహించుకుంటే గాని గొప్పతనం తెలియదు. ముందు గుట్ట మీద గుండ్రంగా చెట్ల గుంపు కనిపిస్తుంది. అదే ‘మినింగ్ లో’, కొత్త రాతియుగం నాటి సమాధుల గుట్ట.

పార్స్‌లీ హే దగ్గరే ‘ఆర్బర్ లో’ అనే రాతి వలయం కూడా ఉంది. మట్టి గట్టు, లోపల కందకం, మధ్యలో యాభై వరకు సున్నపురాతి పలకలు, అన్నీ పడుకునే ఉన్నాయి. సుమారు 4,500 ఏళ్ళ నాటిది. స్టోన్‌హెంజ్ చూసి వచ్చినవాళ్ళు ‘ఇంతేనా’ అనొచ్చు. కానీ అక్కడ తాడు ఇవతల నిలబడి చూస్తాం, ఇక్కడ రాళ్ళ మధ్య మనమూ గొర్రెలూ తప్ప ఎవరూ ఉండరు. ఒక పొలం గుండా వెళ్ళాలి, రైతు పెట్టిన డబ్బాలో చిల్లర వేయాలి. ఇబ్బందల్లా దారిలో ఎ515 రోడ్డు దాటాల్సి రావడమే. కార్లు చాలా వేగంగా వస్తాయి. పిల్లలతో ఉంటే సైకిళ్ళు వదిలేసి కారులో వెళ్ళి రావడం మంచిది.

ఇక కింది కొసలో క్రామ్‌ఫర్డ్. 1771లో రిచర్డ్ ఆర్క్‌రైట్ నీటి శక్తితో నూలు వడికే మిల్లు పెట్టింది ఇక్కడే. ఆ లోయలోని మిల్లులన్నిటినీ కలిపి 2001లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. మిగతా యాత్రికులకు ఇది యంత్రాల కథ, మనకు ఇంకొంచెం దగ్గరి కథ. మచిలీపట్నం నుంచి, కోరమాండల్ తీరం నుంచి వెళ్ళిన అద్దకం బట్టలకు ఇంగ్లండ్‌లో ఎంత గిరాకీ ఉండేదంటే, అక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్ళు గొడవ చేసి 1721లో నూలు బట్టల మీద నిషేధం తెప్పించుకున్నారు. ఆర్క్‌రైట్ మిల్లు నూలు తీయడం మొదలుపెట్టాక, తన సరుకు అమ్ముడుపోవాలి కదా, ఆ చట్టాన్ని ఎత్తేయించడానికి ఆయనే గట్టిగా ప్రయత్నించాడు. 1774లో ఎత్తేశారు. ఆ తర్వాత ఏం జరిగిందో మన చేనేత వాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ మిల్లు గోడల ముందు నిలబడ్డప్పుడు ఇది గుర్తుంటే చూపే మారిపోతుంది.

## మానిఫోల్డ్ ట్రాక్: తారు, గుహ, మన కుర్దువాడి

నాలుగింటిలో చిన్నది, సులువైనది. హార్టింగ్టన్ నుంచి రెండు మైళ్ళలో హల్మ్ ఎండ్, అక్కడి నుంచి వాటర్‌హౌసెస్ దాకా తారు దారి. ఎక్కుడు దాదాపు లేదు. స్కేటింగ్ చేసేవాళ్ళు, చక్రాల కుర్చీల్లో వచ్చేవాళ్ళు కూడా కనిపిస్తారు.

ఈ లైను కథ నాకు భలే ఇష్టం. 1904లో మొదలై 1934లో మూతపడింది, ముప్ఫై ఏళ్ళ బతుకు. రెండున్నర అడుగుల న్యారో గేజ్. ఇంజనీరు ఎవరార్డ్ కాల్త్రాప్ దీనికి ముందు మహారాష్ట్రలో బార్షీ లైట్ రైల్వే కట్టినవాడు. హైదరాబాదు నుంచి ముంబై రైల్లో వెళ్ళినవాళ్ళకు కుర్దువాడి స్టేషన్ తెలుసు కదా, అక్కడి నుంచి బార్షీకి వెళ్ళిన చిన్న లైను అదే. అక్కడ పనికొచ్చిన పద్ధతినే తెచ్చి ఈ ఇంగ్లిష్ లోయలో పెట్టాడు. ఇంజన్లు, పెట్టెలు కూడా ఇండియా రైళ్ళ పోకడలోనే ఉండేవి. పాలు, జున్ను మోయడానికి పనికొచ్చింది గాని, ఊళ్ళన్నీ గుట్టల మీదా స్టేషన్లన్నీ లోయలోనూ ఉండేసరికి జనం ఎక్కలేదు.

దారిలో చూడాల్సింది థోర్స్ కేవ్. లోయ నుంచి తలెత్తితే కొండ చరియలో పెద్ద నోరు తెరుచుకుని కనిపిస్తుంది. ఆది మానవుల ఎముకలు, పనిముట్లు దొరికిన గుహ. కింద సైకిల్ తాళం వేసి మెట్లెక్కాలి. నిటారు మెట్లు, ఆ పైన గుహ గుమ్మం దగ్గర రాయి అరిగి నున్నగా అయిపోయింది. వాన పడ్డ రోజు అద్దం మీద నడిచినట్టే. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు కింద నుంచి చూసి ఊరుకోవడం మంచిది. ఎండాకాలంలో పక్కనున్న నది కొన్నిచోట్ల మాయమైపోతుంది. సున్నపురాతి నేల కాబట్టి నీళ్ళు లోపలికి ఇంకి, భూమి అడుగున పారి, కింద ఇలమ్ దగ్గర మళ్ళీ పైకి వస్తాయి.

ఒకే ఒక్క లోపం, కానీ చిన్నది కాదు. వెటన్ మిల్ నుంచి స్వెయిన్స్‌లీ సొరంగం వరకు దారిని కార్లు కూడా వాడతాయి. కార్లు మెల్లగానే వస్తాయి, అయినా ఇప్పుడిప్పుడే సైకిల్ నేర్చుకున్న పిల్లలతో సొరంగంలో కారు ఎదురైతే టెన్షనే. అలాంటి పిల్లలుంటే వాటర్‌హౌసెస్ వైపు నుంచి మొదలుపెట్టి వెటన్ మిల్ దగ్గర టీ తాగి వెనక్కి తిరిగిపోండి. థోర్స్ కేవ్ ఆ మధ్యలోనే వస్తుంది, ఏమీ పోగొట్టుకున్నట్టు కాదు.

## మాన్సల్ ట్రైల్: అందరికీ తెలిసినది, ఎందుకో కారణం ఉంది

హార్టింగ్టన్ నుంచి ఇది కొంచెం దూరం, కారులో వెళ్ళాలి. డెర్బీ నుంచి మాంచెస్టర్ వెళ్ళే పెద్ద లైనులో ఒక ముక్క, ఈ భాగం 1863లో వేసి 1968లో మూసేశారు. చాలా ఏళ్ళు సొరంగాలు మూసి ఉండడంతో సైకిల్ వాళ్ళకు పెద్దగా ఉపయోగపడలేదు. 2011 మేలో వాటిని తెరిచి దీపాలు పెట్టాక దశ తిరిగింది. నాలుగు పెద్ద సొరంగాలు, ఒక్కోటి నాలుగు వందల మీటర్లకు అటూ ఇటూగా. బయట ఎండ మాడుస్తున్నా లోపల చల్లగా, పైనుంచి చుక్కలు పడుతూ ఉంటాయి. పిల్లలు బెల్లు కొట్టి కేకలేసి ప్రతిధ్వని వినకుండా బయటికి రారు. దీపాలు పగలు మాత్రమే వెలుగుతాయి. శీతాకాలంలో ఆలస్యం చేస్తే చీకట్లో చిక్కుకుంటారు, సైకిల్‌కి లైటు ఉంచుకోండి.

హెడ్‌స్టోన్ సొరంగంలోంచి బయటపడగానే మాన్సల్ లోయ మీద అయిదు కమానుల వంతెన. కట్టినప్పుడు లోయ అందం పాడుచేశారని పెద్దలు తిట్టిపోశారు. ఎవరైనా దాన్ని తీసేయాలనుకుంటే ఇప్పుడు అంతకన్నా పెద్ద గొడవే అవుతుంది. వంతెన మీద ఉన్నప్పుడు వంతెన కనపడదు కాబట్టి ఆ ఫొటో కావాలంటే పైనున్న మాన్సల్ హెడ్‌కి ఎక్కాలి. నడక దారే, నిటారు.

ఇంకా ముందుకెళ్తే క్రెస్‌బ్రూక్ మిల్, లిటన్ మిల్. ఇప్పుడు ఖరీదైన ఫ్లాట్లు. లిటన్ మిల్‌లో ఒకప్పుడు అనాథ పిల్లల చేత రాత్రింబవళ్ళు నూలు మిషన్ల దగ్గర పనిచేయించారు, ఆ క్రూరత్వానికే పేరుపడింది. మిల్లర్స్ డేల్ పాత స్టేషన్ దగ్గర పెద్ద సున్నపు బట్టీలు. ఇవన్నీ సైకిల్ సీటు మీద నుంచే కనిపిస్తాయి, అదే మాన్సల్ గొప్ప.

కానీ హాడన్ హాల్, చాట్స్‌వర్త్ అనే పాత పెద్ద భవనాలు, ఈమ్ అనే ఊరు, ఈ మూడింటినీ ఈ ట్రైల్ ఖాతాలో వేసుకుని ప్లాన్ చేసేవాళ్ళకి ఒక మాట. మూడూ ట్రైల్ మీద లేవు. హాడన్‌కి రద్దీగా ఉండే ఎ6 రోడ్డు మీద వెళ్ళాలి. చాట్స్‌వర్త్ ఒక్కదానికే పూట పడుతుంది. ఈమ్‌కి స్టోనీ మిడిల్టన్ నుంచి ఎక్కే రోడ్డు గట్టి సైకిలిస్టుల్నే ఆయాసపెడుతుంది.

అయినా ఈమ్‌ని మాత్రం వదలొద్దు, విడిగా కారులోనో బస్సులోనో వెళ్ళండి. 1665లో లండన్ నుంచి దర్జీకి వచ్చిన బట్టల మూటతో ప్లేగు ఈ ఊళ్ళో అడుగుపెట్టిందంటారు. మరుసటి ఏడాది, చర్చి ఫాదర్ విలియం మాంపెసన్ మాట మీద ఊరు ఊరంతా పొలిమేర దాటకూడదని కట్టుబడింది. పక్క ఊళ్ళకు అంటుకోకూడదని. దాదాపు 260 మంది పోయారు. పొలిమేర దగ్గర ఒక రాయి ఉంది, దాని మీద గుంటలు. బయటివాళ్ళు తిండి తెచ్చి పెట్టేవాళ్ళు, ఊరివాళ్ళు ఆ గుంటల్లో వెనిగర్ పోసి నాణేలు వేసేవాళ్ళు. గుంటల అంచులు అరిగిపోయి ఇప్పుడు వేలికి నున్నగా తగులుతాయి. ఊరి బయట పొలంలో చిన్న గోడ కట్టి రైలీ సమాధులున్నాయి. ఎలిజబెత్ హాంకాక్ అనే ఆవిడ ఎనిమిది రోజుల్లో భర్తనూ ఆరుగురు పిల్లలనూ తన చేతులతో పూడ్చిపెట్టిన చోటు. కోవిడ్ రోజులు చూసినవాళ్ళకి అక్కడ నిలబడి మాట్లాడాలనిపించదు.

## మరి ఎవరికి ఏది?

చిన్న పిల్లలతో వెళ్ళే కుటుంబం: మాన్సల్. బేక్‌వెల్ దగ్గరి పాత హాసప్ స్టేషన్‌లో మొదలుపెట్టి వంతెన దాటి, ఓపిక ఉంటే మిల్లర్స్ డేల్ దాకా. రెండు చోట్లా కెఫేలు, బాత్రూములు ఉన్నాయి. పిల్లలతో ఉన్నప్పుడు చరిత్ర కన్నా అదే ముఖ్యం.

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలతో: ఇక్కడ నా మాట కొంచెం వేరు. వాళ్ళను మాన్సల్ సొరంగాల్లో తిప్పడం కన్నా టిస్సింగ్టన్ మేలు. తొక్కేవాళ్ళు ఆష్‌బోర్న్ నుంచి సైకిళ్ళ మీద వస్తారు, ఒకరు కారులో పెద్దవాళ్ళను నేరుగా ఊళ్ళోకి తీసుకొస్తారు. అందరూ అక్కడ కలుస్తారు. పెద్దవాళ్ళు బెంచీ మీద కూర్చుని ఊరిని, బాతుల్ని చూస్తూ ఉంటే ఎంతసేపైనా గడిచిపోతుంది. మే నెలలో వచ్చినట్టయితే బావుల పండుగ తేదీ చూసుకుని వెళ్ళండి.

కారు లేని స్టూడెంట్లు: డెర్బీ నుంచి మాట్‌లాక్ వెళ్ళే రైల్లో క్రామ్‌ఫర్డ్‌లో దిగండి. మిల్లు చూసి, కాలువ గట్టు మీదుగా హై పీక్ జంక్షన్ వర్క్‌షాపుల వరకు వెళ్ళండి. కుర్రాళ్ళే కాబట్టి ఎక్కుడు తోసుకుంటూ పైకెళ్ళి ఇంజను ఇల్లు చూసి రావచ్చు. సైకిల్ రైల్లో ఎక్కించేముందు ఆ రైలుకి నియమాలేంటో చూసుకోండి. బస్సులు నమ్ముకుంటే ఆదివారం వద్దు.

రోజంతా తొక్కగలిగినవాళ్ళు: హార్టింగ్టన్ నుంచి హల్మ్ ఎండ్, మానిఫోల్డ్ మీదుగా వాటర్‌హౌసెస్, అక్కడి నుంచి ఇలమ్, థార్ప్ సందు రోడ్ల మీదుగా టిస్సింగ్టన్ ట్రైల్ పట్టుకుని పైకి. ముప్ఫై మైళ్ళ లోపు చుట్టు. మధ్యలో రోడ్డు ముక్క మాత్రం గట్టి ఎక్కుళ్ళు దిగుళ్ళు. ట్రైల్ పట్టాక మైళ్ళ కొద్దీ ఎక్కుడే అని ముందే తెలుసుకుని బయలుదేరండి.

మనుషులు లేని చోటు, పాత రాళ్ళు కావాలనుకునేవాళ్ళు: పార్స్‌లీ హే నుంచి ‘మినింగ్ లో’ దాకా, తిరుగు దారిలో ‘ఆర్బర్ లో’. హార్టింగ్టన్‌లో బస చేసినవాళ్ళకు నేను మొదట చెప్పేది ఇదే. దారి చదును కాబట్టి సాయంత్రం ఎక్కే బాధ లేదు. గాలి మాత్రం మామూలుగా ఉండదు, అడ్డు చెప్పే చెట్టు ఉండదు. గాలికి ఎదురుగా వెళ్ళి, తోడుగా వెనక్కి వచ్చేట్టు చూసుకోండి.

## ఇంకొన్ని సంగతులు

ఆష్‌బోర్న్, పార్స్‌లీ హే, హాసప్‌ల దగ్గర సైకిళ్ళు అద్దెకిస్తారు. పిల్లల సీట్లు, వెనక లాగే బండ్లు, బ్యాటరీ సైకిళ్ళు కూడా ఉంటాయి. బ్యాటరీ సైకిల్ తీసుకుంటే పైన చెప్పిన ఎక్కుళ్ళ లెక్క సగం మారిపోతుంది, టిస్సింగ్టన్‌కి అది బాగా పనికొస్తుంది. స్కూలు సెలవుల్లో, బ్యాంక్ హాలిడేల్లో ముందుగా బుక్ చేయకపోతే పెద్ద సైజులు దొరుకుతాయి గాని పిల్లలవి దొరకవు.

దారుల మీద గుర్రాలు కూడా వస్తాయి. వెనక నుంచి బెల్లు కొడితే బెదురుతాయి. వేగం తగ్గించి, నోటితో ‘హలో’ అని, గుర్రం మీదున్నవాళ్ళు చూశాక దాటండి.

శాకాహారులకు కెఫేల్లో జున్ను శాండ్‌విచ్, ఉడకబెట్టిన బంగాళదుంప, సూపు దొరుకుతాయి. బేక్‌వెల్ పుడ్డింగ్‌లో గుడ్డు ఉంటుంది, తినని వాళ్ళకి ముందే చెప్పండి. హై పీక్ పైభాగంలో పార్స్‌లీ హే దాటితే మైళ్ళ కొద్దీ తినడానికి ఏమీ దొరకదు. పులిహోర డబ్బా, నీళ్ళు సంచిలో వేసుకునే వెళ్ళండి, పంక్చర్ కిట్టు కూడా. అక్కడ ఫోన్ సిగ్నల్ అన్నిచోట్లా ఉండదు.